ఆపిల్ పూల పండుగ, ఒక్క ఓటు

"ఆయన్ని వేదిక దింపండి" అంది ఇడెల్లా ప్రాటర్ ఫోన్లో.

"ఇంకా పండుగ రాణికి కిరీటం పెట్టలేదమ్మా" అన్నాడు అవతల పూల పండుగ నిర్వాహకుడు.

"కిరీటం మీరే పెట్టుకోండి. ఆయన్ని మాత్రం కారెక్కించండి."

ఉపాధ్యక్షుడు వెండెల్ స్టాంపర్ దగ్గర ఆమె పద్దెనిమిదేళ్లుగా కార్యదర్శి. ఆయన కెంటకీ కొండల్లో జిల్లా జడ్జిగా మొదలై, కంచరగాడిదెక్కి ఊరూరా ఓట్లడిగి సెనేట్ దాకా వచ్చిన మనిషి. ఇంటి వైపు వాళ్లకి ఇప్పటికీ జడ్జి గారే. నోరు తెరిస్తే మూడు గంటలు. గని యజమానులకు ఆ నోరంటే భయం. అందుకే పార్టీ పెద్దలు ఆయన్ని ఉపాధ్యక్షుణ్ణి చేసి, పైన కూర్చోబెట్టి నోరు కట్టేశారు. సెనేట్‌లో రెండు పక్షాలూ సమానమైతే తప్ప ఉపాధ్యక్షుడికి ఓటు లేదు. మిగతా రోజులంతా రిబ్బన్లు కత్తిరించడమే పని.

ఈ రోజు గనుల బిల్లు ఓటుకొస్తోంది. అది నెగ్గితే, మండే వాయువు పట్టిన గనిని ఇన్‌స్పెక్టర్ అక్కడికక్కడే మూయించవచ్చు. అలాంటి గనిలోనే ఇడెల్లా భర్త కాలిపోయాడు. ఆమె తమ్ముడు ఇంకా అందులోకే దిగుతున్నాడు. భర్త శవపేటిక పక్కన నిలబడి స్టాంపర్ ఆమెకు మాటిచ్చాడు. పెద్దలేమో ఓటింగ్ రేపని అబద్ధం చెప్పి, ఆయన్ని డెబ్బై మైళ్ల అవతలి పూల పండుగకు తోలారు.

ఫోన్ పెట్టేసి గంటన్నర కాకముందే ఓటింగ్ గంటలు మోగాయి. ఓట్లు పడ్డాక, సభ తలుపు దగ్గర ఇడెల్లా ముసలి సెనేటర్ ఓర్విల్ నాక్స్ చెయ్యి పట్టుకుంది.

"లెక్కెంత?"

"నలభై ఏడూ, నలభై ఏడూ. ఉపాధ్యక్షుడు లేకుండా సమానమని ప్రకటించారంటే బిల్లు చచ్చినట్టే."

"జడ్జి గారు దారిలో ఉన్నారు. ప్రకటించనివ్వకండి."

నాక్స్ ఒక్క క్షణం ఆలోచించాడు. లోపలికెళ్లి లేచి నిలబడ్డాడు. "నా ఓటు ఎలా రాసుకున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబివ్వనని ఎవరూ అనకూడదు. జవాబు చెప్పేదాకా ఫలితం ప్రకటించకూడదు. అది సభ ఆచారం.

"అవునని" అన్నాడు గుమాస్తా.

ఇంకొకడు లేచాడు. మరొకడు. పదకొండుమంది అడిగారు. సభ నడిపిస్తున్న పెద్దాయన మొహం ఎర్రబడింది. నాక్స్ మళ్లీ లేచి అదే అడిగాడు.

"మీకిందాకే చెప్పాం కదండీ!" అన్నాడు పెద్దాయన.

"ముసలోణ్ణి. మర్చిపోయాను."

ఇడెల్లా భవనం బయటి మెట్ల మీదికి పరుగెత్తింది. కారు వచ్చి ఆగింది. స్టాంపర్ దిగాడు. కోటు నిండా ఆపిల్ పూరేకులే.

"దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చిందమ్మాయ్. ఆ కాపరి ఎవడనుకున్నావ్..."

"కథలు తర్వాత. నడవండి."

"నా మోకాళ్లు..."

"మోకాళ్ల సంగతి పైకెక్కాక చూసుకుందాం."

భుజం కింద చెయ్యేసి ఆమే ఎక్కించింది. ఆయన రొప్పుతూ వెళ్లి సభాధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తా కాగితం అందించాడు. సరిసమానం.

"ఉపాధ్యక్షుడి ఓటు" అన్నాడు స్టాంపర్. "అవును."

అంతే. ఇంకో మాట లేదు. చూడ్డానికొచ్చిన ప్రజల వరసల్లో చప్పట్లు నిషేధం. అక్కడున్న గని కార్మికులు ఒక్కొక్కరే లేచి, టోపీలు తీసి నిలబడ్డారు. దిగువ సభ ముందే ఒప్పుకుంది. ఇక అధ్యక్షుడి సంతకమే మిగిలింది.

సభ ముగిశాక ఆయన వరండాలో ఇడెల్లా పక్కన కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పనా, గొర్రెల కథ?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "చెప్పండి జడ్జి గారూ. మూడు గంటలైనా వింటాను."