రేవు మీద గీసిన గీత

గొడుగు ఇంజనీరు పేరెత్తితే చాలు, తమ్ముడి నోరు చేదెక్కుతుంది. పక్కన ఒకడు గొడుగు పట్టుకుంటే తప్ప కాలువగట్టు మీద అడుగు వెయ్యడు కాబట్టి బట్టలుతికేవాళ్ళు ఆయనకా పేరు పెట్టారు. తమ్ముడికి ఆ పేరు వాళ్ళక్క వల్ల వచ్చింది. అతని జుట్టు నెరిసినా ఆవిడ పిలిచినట్టే రేవంతా పిలిచేది. అమ్మ పోయాక అతన్ని బడి మాన్పించి ఉతికే బండ దగ్గర నిలబెట్టింది అక్కే. "ముందు తిండి, తర్వాత చదువు" అంది. ఆ తర్వాత అనేది రానే లేదు.

రేవులో బండ ఎవరిదైతే దాని వెనకాల బట్టలారేసే నేల వాళ్ళది. కాగితాల్లేవు. తాతలనాటి మాట, అంతే.

ఇంజనీరు మొదటిసారి వచ్చినప్పుడు తేనెలో ముంచి తీసినట్టు మాట్లాడాడు. నగరమంతా కలుపుతూ నడకదారులు, సైకిలు దారులు వేస్తారట. మోటారు బండ్లుండవు, పొగ ఉండదు. పిల్లాజెల్లా చెట్ల నీడన నడిచిపోవచ్చు. రేవువాళ్ళు ఎగిరి గంతేశారు. తడిమూటలు సైకిళ్ళకు కట్టుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని లారీల మధ్య తిరిగేది వాళ్ళే కదా! ఇంజనీరుకు నీడలో స్టూలు వేశారు, టీ తెప్పించారు. ఆయన మనుషులు గట్టు పొడుగునా నిలువెత్తు గుర్తుకర్రలు పాతి వెళ్ళిపోయారు.

నున్నటి, గట్టి కర్రలు. దారం పట్టినట్టు ఒకే వరస. ఏళ్ళ తరబడి వంకర వెదుళ్ళతో అవస్థ పడ్డవాళ్ళు అవి కనబడితే ఊరుకుంటారా? మర్నాటికల్లా వాటికి దండేలు కట్టేశారు. వానకు ఏ కర్రయినా ఒరిగితే తమ్ముడు తాడు బిగలాగి, ఒక కన్ను మూసి వరస చూసుకుని, మళ్ళీ అదే గుంతలో పాతేవాడు. కర్ర ఒరిగితే తడి దుప్పట్లు నేలకు జీరాడతాయి మరి.

ఇంజనీరు మళ్ళీ వచ్చినప్పుడు వెంట కాంట్రాక్టరున్నాడు. ఆరేసిన దుప్పటి పక్కకు తప్పించి చూసి పకపకా నవ్వాడు ఇంజనీరు.

"మళ్ళీ కొలవక్కర్లేదయ్యా! ఊళ్ళో అన్నిచోట్లా మన కర్రలు పీకి పొయ్యిల్లో పెట్టారు. ఇక్కడ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. వీళ్ళే కాపలా కాశారు!"

"అంటే?" అన్నాడు తమ్ముడు.

"అంటే దారి ఇటునుంచే. ఈ బండలన్నీ లేచిపోతాయి."

ఆ సాయంత్రం ఇస్త్రీ పాకలో కాలు పెట్టడానికి చోటు లేదు.

"కంటికి రెప్పలా చూసుకున్నావు కదయ్యా ఆ కర్రల్ని!" గంజి పెట్టే ఆవిడ తమ్ముణ్ణి ఎత్తిపొడిచింది.

"వాటి మీద ఆరినవి నువ్వుతికిన చీరలు కావా?"

"ఆపండి. దెబ్బలాడుకోడానికి మనకి మనమే దొరికామా?" అంది అక్క.

"అర్జీ పెడదాం. కాళ్ళమీద పడదాం" అన్నాడు రేవుకు పెద్దయిన ముసలాయన.

"పడీ పడీ మోకాళ్ళరిగిపోయాయి. ఇంకేం పడతావు మావా?" అన్నారెవరో.

బట్టలకోసం సైకిలు మీద వచ్చే కాలేజీ అమ్మాయి గుమ్మంలోంచి మాట్లాడింది. "మొదట దారి అవతలి ఒడ్డున, పెద్దమనుషుల క్లబ్బు పచ్చిక మీదుగా వేస్తామన్నారు. ఆ పటం మా కాలేజీ గోడకే పెట్టారు. తర్వాత ఇటు జరిపారు. సైకిళ్ళవాళ్ళు అడిగారంటున్నారు. మేమెవరమూ అడగలేదు పిన్నీ."

అక్క లేచి నిలబడింది. "దారి వద్దని మనమనం. మనకంటే ఎక్కువ నడిచిందెవరు? క్లబ్బు మీదుగా పోనిమ్మందాం. అప్పటిదాకా బండ దిగేది లేదు."

"క్లబ్బు గుడ్డలు, హోటలు దుప్పట్లు ముట్టుకోవద్దు" అన్నాడు తమ్ముడు.

"ఆసుపత్రివో?" అన్నాడొక కుర్రాడు.

"అవి ఉతకాల్సిందే. రోగులేం చేశారురా?" అంది అక్క. పాకలో ఉన్న చేతులన్నీ పైకి లేచాయి.

కంకర పోసే యంత్రం తెల్లవారగానే వచ్చింది, దాని వెనక పోలీసులు. ఆడవాళ్ళు ఎవరి బండ మీద వాళ్ళు నిలబడ్డారు. మగవాళ్ళను లాఠీలతో గట్టు మీదే ఆపేశారు.

"మనుషులున్నారండీ!" అన్నాడు యంత్రం నడిపేవాడు.

"వాళ్ళే దిగుతారు. నువ్వు కంకర పొయ్యి!" అన్నాడు కాంట్రాక్టరు.

కంకర గుట్ట గట్టుతో సహా నీళ్ళలోకి జారింది. అక్క దిగలేదు.

తమ్ముడు పోలీసుల్ని తోసుకుని దూకాడు. గోళ్ళూడిపోయేదాకా తవ్వాడు. తీశాక, అక్క తెల్లవారుజామున ఉతికి పెట్టిన ఆసుపత్రి దుప్పటే ఆమెకు కప్పారు. కాలు జారి పడిందని రాసుకున్నారు పోలీసులు.

ఆపైన అతన్ని తమ్ముడూ అని పిలవబోయి రేవువాళ్ళు నాలుక కరుచుకునేవారు. అతనూ నోరు విప్పలేదు. బండలు పోయాయి. ఆసుపత్రి దుప్పట్లు వీధి కుళాయి దగ్గర ఉతికారు. క్లబ్బు, హోటలు బట్టల మీద సమ్మె మాత్రం ఆగలేదు.

దారి పూర్తయింది. నల్లగా, నున్నగా, మధ్యలో తెల్లటి సైకిలు బొమ్మ. రిబ్బను కత్తిరించి మేయరు కొత్త సైకిలెక్కాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా బట్టలు! ఈ దీపస్తంభం నుంచి ఆ దీపస్తంభానికి తాళ్ళు. సమ్మెలో ఆగిపోయిన క్లబ్బు గుడ్డలు, హోటలు దుప్పట్లు, కూరమరకలతో, సారాకంపుతో, కనుచూపుమేర వేలాడుతున్నాయి. వెనకాల రేవంతా ఉంది. సైకిళ్ళు అడ్డం పెట్టి పాలవాళ్ళు, పేపర్లు వేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు.

"తప్పించుకుని రండి బాబయ్యా, మీ మురికే!" అని అరిచింది గంజి పెట్టే ఆవిడ.

"అందులో తమరి బనీను కూడా ఉందండోయ్!"

మేయరు సైకిలు దిగాడు. లాఠీలు లేచాయి.

పట్టుకొచ్చినవాళ్ళను స్టేషనులో గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు. "జామీనుకు సొంత స్థలముందా?"

"ఉండేది. బండతో కలిపి ముప్ఫై గజాలు. రాసుకో" అంది గంజి పెట్టే ఆవిడ.

"ఉండేది కాదమ్మా, ఉన్నది చెప్పు."

"మాది ఇరవయ్యారు. రాసుకో" అన్నాడు, అర్జీ పెడదామన్న ముసలాయన.

గదినిండా గొంతులు లేచాయి. ఎవరి నేల వాళ్ళు చెబుతున్నారు. జానెడు నేల లేని కాలేజీ అమ్మాయి ప్రతి మాట వెనకా "రాసుకో" అంటోంది. నోళ్ళు ముయ్యమని గుమాస్తా బల్ల గుద్దాడు. ఎవరూ ముయ్యలేదు.

"నువ్వేంటయ్యా, మూగవాడివా?"

తమ్ముడు గోళ్ళు ఇంకా సరిగ్గా మొలవని చేతులు బల్ల మీద ఆనించాడు.

"నాదీ, మా అక్కదీ కలిపే ఉండేది" అన్నాడు. "నలభై నాలుగు చదరపు గజాలు. రాసుకో."