చెంగల్రాయుడు వేసిన జడ

గుడియాత్తంలో లుంగీలు నేసే మగవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, కూతురికి జడ వేసే మగవాడు చెంగల్రాయుడు ఒక్కడే. ఆ పని కూడా తలుపు గడియ పెట్టుకుని చేసేవాడు. గడియ ఎందుకంటారా, సిగ్గు. మగ్గం గుంటలో కూర్చుని పోగు దూర్చే నాడెను దర్జాగా అటూ ఇటూ ఆడించే మనిషి, దువ్వెన పట్టుకుని ఆరేళ్ల పిల్ల వెనక గొంతుక్కూర్చుంటే వీధి ఊరుకుంటుందా? ఎదురింట్లో బీడీలు చుట్టే పొన్నమ్మ ఒక్కతి చాలు, చేతిలో బీడీ ముగిసేలోగా ఊరంతా చాటి వస్తుంది.

అంతకుముందు ఆ జడ ఎవరి పనీ కాదు. భార్య మంగమ్మ పోయి మూడేళ్లయింది. ఒక సోమవారం పొద్దున తల నొస్తున్నదని పడుకుంది. శొంఠి పట్టు వేస్తే తగ్గుతుందిలే అనుకున్నారు. గురువారానికి ఒళ్లు కాలిపోయింది, ఆదివారానికి మనిషి లేదు. ఆ తర్వాత కూతురు పంకజం తలకు వీధిలో ఎవరికి తోస్తే వాళ్లు నూనె రాసేవారు, పోతూ పోతూ ఒక ముడి వేసేవారు. పిల్ల తల ఎప్పుడు చూసినా పిచ్చుక గూడే. పంకజానికి ఆ చింత లేదు, చెంగల్రాయుడి కంటికి అది ఆననే లేదు.

ఆనేటట్టు చేసింది రాజాంబాళ్. ఆమె మంగమ్మకు అక్క, చిత్తూరులో ఉంటుంది, పిల్లలు లేరు. మనిషి మంచిదే, నోటికే అదుపు తక్కువ. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నెలకు దీపావళి వచ్చింది. పండక్కి వచ్చిన రాజాంబాళ్ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ ముడిని వేళ్లతో పైకెత్తి చూపించింది.

"చూడు మరిదీ, తల్లి లేని బిడ్డని ఈ తలే వీధికంతా చెప్తా ఉండాది. మగోడు ఆడబిడ్డని యాడ సాకతాడు? నా కాడికి పంపించు. మన రాష్ట్రం వచ్చేసినాది, చిత్తూరు బళ్లో మన అక్షరాలే నేర్పిస్తారు. ఈడుంటే అరవం చదువుకొని, రేపు నాకొక జాబు గూడా రాయలేదు."

చూద్దాంలే వదినా అని చెంగల్రాయుడు మాట దాటేశాడు. రాష్ట్రం సంగతి అతనికి పెద్దగా పట్టలేదు. మగ్గాల కొట్టంలో ఏ ఊరు ఎటు పోతుందోనని ఏడాదిగా గొంతులు చించుకున్నారు. కడకు చిత్తూరు అటు పోయింది, గుడియాత్తం ఇటు అరవనాడులోనే ఉండిపోయింది, లుంగీ గళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అక్షరాల మాట కొంచెం చురుక్కుమంది, ఎందుకంటే అతనికీ తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. కానీ తల్లి లేని బిడ్డన్న మాట ఉంది చూశారూ, అది లోపలికి దిగబడిపోయింది.

మరునాడే పని మొదలుపెట్టాడు. జడ అంటే ఏముంది, మూడు పాయలు. ఎనిమిదో ఏటినుంచి నూలుతో కాపురం చేస్తున్నవాడికి మూడు పాయలు ఒక లెక్కా? అతనికి తెలిసిన ధర్మం ఒక్కటే, పోగు సడలకూడదు. పడుగు ఎక్కడ సడలితే అక్కడ గుడ్డ పాడు. పిల్ల జుట్టు తడిపి, పాయలు తీసి, కుదుళ్లదాకా లాగి పట్టి అల్లేవాడు. నుదుటి మీది చిన్న వెంట్రుకలు మాట వినకపోతే, పడుగుకు పెట్టే గంజినే పల్చగా నీళ్లలో కలిపి అరచేత్తో రాసేవాడు. ఆ కిటుకు తట్టిన రోజు అతని సంబరం ఇంతా అంతా కాదు. గంజి ఆరిందంటే ఇక గాలివాన వచ్చినా ఆ జడ కదలదు.

వీధి నోరు మూతబడింది. నీకు ఎవరేసినారే ఇంత చక్కటి జడ అని పొన్నమ్మ అడిగితే, పంకజం గడప వైపు ఒకసారి చూసి, తెలీదని నవ్వేది. నాయన సిగ్గు ఆ పిల్లకు తెలుసు. మగ్గం ముందునుంచి బడికి పోతున్న కూతురి వీపు మీద ఆ జడ నిటారుగా ఊగుతుంటే, చెంగల్రాయుడు రెండు వరుసల నేత మరిచిపోయి చూస్తూ కూర్చునేవాడు.

నెల తిరగకుండానే తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి పిల్ల బడినుంచి వచ్చేసి గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. యాడ నొప్పమ్మా అంటే అరచెయ్యి తలమీద పెట్టి చుట్టూ తిప్పి చూపేది. ఏడవదు, అన్నం వద్దంటుంది, అంతే. మొదటిరోజు ఆ మాట విన్నప్పుడు చెంగల్రాయుడి చేతిలో నాడె జారి గుంటలో పడింది. సోమవారం తలనొప్పి, గురువారం జ్వరం, ఆదివారం... అతని లెక్క అక్కడినుంచి ముందుకు పోలేదు. ఆ వారమంతా గంటకొకసారి పిల్ల మెడమీద చెయ్యివేసి చూశాడు. జ్వరం రాలేదు. నొప్పి పోలేదు.

పొన్నమ్మ దిష్టి అంది. ఆ జడకు తగలక ఇంక దేనికి తగులుతుందని ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు తిప్పి పొయ్యిలో వేసింది. మసీదు వీధి సాయిబు తాయెత్తు కట్టాడు. మందుల అంగడి ఆయన కడుపులో పురుగులన్నాడు. ఆదివారాలు మాత్రం నొప్పి ఉండేది కాదు. తలంటు పోసుకుని, జుట్టు ఆరబోసుకుని, పొద్దుగూకేదాకా పిల్ల కోతిలా గెంతేది. ఎండకు పోదు గదా, అందుకే అనుకున్నాడు చెంగల్రాయుడు. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తుంటే అతనికి మంగమ్మ గుర్తొచ్చేది, ఆమెకు వేసింది కూడా ఆ చేత్తోనే. పట్టు మీద వెంట్రుకలు పడి అంటుకుంటున్నాయని మరునాడు జడ ఇంకొంచెం బిగించాడు. ఏం తెలివో చెప్పండి.

మాఘమాసానికి పిల్ల సగమైంది. చెంగల్రాయుడు నేసిన గుడ్డలో తెగిన పోగులు కనిపించసాగాయి. ఒకరోజు పక్క మగ్గం పొన్నుసామి దగ్గరికి పోయి, అరవంలో ఒక కార్డు రాసిపెట్టమన్నాడు. చిత్తూరులో చదివి చెప్పేవాళ్లు ఉండకపోరు. అతను చెప్పిన మాటలివి: వదినా, నా వల్ల కాలేదు, మంగమ్మను పోగొట్టుకున్నాను, బిడ్డనన్నా నువ్వు బతికించుకో. బుధవారం వేలూరు పెద్దాసుపత్రిలో చూపిస్తాను, అక్కడికే వచ్చి తీసుకొని పో. పొన్నుసామి రాయడం ఆపి అతని ముఖంలోకి చూశాడు. రాయప్పా అన్నాడు చెంగల్రాయుడు.

బుధవారం పొద్దున పిల్లకు ఎప్పటికంటే శ్రద్ధగా జడ వేశాడు. మళ్లీ వేసే యోగం ఉందో లేదోనని ప్రతి మడతా లాగి లాగి బిగించాడు. ఆమె గౌన్లు, పావడాలు మూట కట్టాడు. అదేంది నాయనా అంటే ఆసుపత్రిలో ఉండమంటే కావద్దా అన్నాడు. వేలూరు బస్సు కుదుపులకు పంకజం కళ్లు మూసుకుని అతని భుజానికి ఆనుకుంది. ఈ బరువు రేపటినుంచి ఉండదు గదా అని అతను దారి పొడవునా ఆ భుజం కదపకుండా కూర్చున్నాడు.

డాక్టరమ్మ పెద్దావిడ. మంగమ్మ తలనొప్పి మొదలుకొని చెంగల్రాయుడు చెప్పిందంతా విన్నది. పిల్ల కళ్లలోకి దీపం వేసి చూసింది, మెడ వంచి చూసింది, దూరంగా గోడకున్న అక్షరాలు చదివించింది. అన్నీ బాగానే ఉన్నాయి. తల తడిమి చూడాలి, జడ విప్పమని ఆయాకు చెప్పి, ఇంకో బిడ్డను చూడ్డానికి లేచి వెళ్లింది. ఆయా పేరు కన్నియమ్మ. తండ్రీ కూతుళ్లు తెలుగులో గుసగుసలాడుకోవడం విని, మనోళ్లేనా అని అప్పటికే దగ్గరికి జరిగి కూర్చుంది. ఇప్పుడు జడ కొస పట్టుకుని ముడి కోసం వెతికింది. దొరకలేదు. దొరికినా రాలేదు. అది నేతగాడి ముడి మరి. గోటితో, తర్వాత పంటితో ప్రయత్నించి, చివరికి తడిగుడ్డ పెట్టి నానబెట్టి ఒక్కొక్క పాయా విడదీసింది.

ఆఖరి పాయ విడిపోగానే పంకజం గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ ఆయా ఒళ్లోనే తల వాల్చేసింది. కన్నియమ్మ కుదుళ్లు తడిమింది. ఎర్రగా పొక్కులు. నుదుటి అంచున వేలెడు మేర వెంట్రుకలే లేవు. వేళ్లకు అంటిన తెల్లటి పొట్టును నలిపి, వాసన చూసింది.

"ఏమప్పా, ఇది గంజి గదా? బిడ్డ తలకు గంజి పెట్టింది ఎవరు?"

చెంగల్రాయుడు నేనేనన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు పాపం, సగం మాటలో అతనికే విషయం తెలిసివచ్చింది. డాక్టరమ్మ తిరిగి వచ్చి, చూసి, ఇంకో పదిమంది పిల్లలు బయట కాచుకుని ఉన్నా కుర్చీలో కూర్చుని తీరిగ్గా అరవంలో చెప్పింది. బిడ్డకు ఏ రోగమూ లేదు. తడి మీద లాగి అల్లి గంజి పెడితే, ఆరేకొద్దీ కుదుళ్లు పీక్కుపోతాయి, మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. కొబ్బరినూనె రాసి వదిలెయ్యి, మందు అక్కర్లేదు. మీ ఆవిడ తలనొప్పి వేరు, ఇది వేరు అని, అతను అడగకుండానే అడిగినట్టుగా, రెండుసార్లు చెప్పింది.

వరండాలో బెంచీమీద కూర్చుని చెంగల్రాయుడు తన చేతులు చూసుకున్నాడు. బిడ్డ బతుకుతుంది. ఆ మాటకు ఏడుపొచ్చింది. మూడు నెలలు బిడ్డను ఏడిపించింది ఈ చేతులే. ఆ మాటకూ ఏడుపే వచ్చింది. అల్లేటప్పుడు నొప్పి తెలియలేదా తల్లీ, చెప్పవచ్చు గదా అని అడిగాడు. పంకజం కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

అప్పుడే గేటులోనుంచి రాజాంబాళ్ వస్తూ కనిపించింది. పంకజం చూసింది. చూసీ చూడగానే భుజాల మీద పరుచుకున్న జుట్టునంతా రెండు చేతులా వెనక్కి లాగి, పిడికిళ్లలో బిగించి పట్టుకుంది. పుండ్లు పడ్డ నుదురు పైకి లాగుకుపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పట్టు వదల్లేదు.

చెంగల్రాయుడు అదిరిపడి, వదులమ్మా, నొస్తాది అన్నాడు.

"వదిల్తే పెద్దమ్మ నన్ను పిలుచుకొని పోతాది." పిల్ల గొంతు తగ్గించి గబగబా చెప్పింది. "నొప్పని చెప్తే నువ్వు వదులుగా అల్లతావు. వదులుగా ఉంటే తల్లి లేని బిడ్డంటారు. నేను నీ కాడనే ఉంటా నాయనా, నొప్పి నాకు అలవాటైపోయినాది."

చెంగల్రాయుడి చూపు మూట మీద పడింది. తనను విడిచి పోకూడదని బిడ్డ మూడు నెలలు నొప్పి దిగమింగింది. ఆ నొప్పికే భయపడి తను బిడ్డను పంపించడానికి కార్డు రాయించాడు. బెంచీ పక్కనున్న బట్టల మూటను కాలితో వెనక్కి, ఇంకా వెనక్కి, గోడదాకా తోసేశాడు.

రాజాంబాళ్ దగ్గరికి వచ్చి చివరి మాటలు విననే విన్నది. ఆమెకు ఒళ్లు మండింది.

"ఎవురే నీకు అట్ల చెప్పింది? యా గాడిది చెప్పింది?"

"నువ్వే పెద్దమ్మా," అంది పంకజం.

వరండా చివర కన్నియమ్మ గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజాంబాళ్ బెంచీమీద కూలబడింది. ఎదురు మాట అనడం ఆమెకు చేతకాని రోజు అదొక్కటే అయి ఉంటుంది. తర్వాత పిల్ల పాదాలు ఒళ్లోకి తీసుకుని, గాడిదినేలే నేను అని గొణిగింది. చెంగల్రాయుడు కార్డు రాయించింది తనేనని, తప్పంతా తనదేనని, బిడ్డ మాత్రం ఎక్కడికీ రాదని చెప్పాడు. రాజాంబాళ్ తల ఊపింది. నెలకొకసారి తనే వచ్చి పోతానంది, వచ్చినప్పుడు జడ జోలికి పోనని కూడా అంది.

పంకజం ఇద్దరి ముఖాలూ చూసింది గానీ పిడికిళ్లు విప్పలేదు. పెద్దవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలో ఆమెకూ ఒక లెక్క ఉంది. చెంగల్రాయుడు ఆమె ముందు నేలమీద కూర్చుని, ఒక చేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. సగం జుట్టు ముఖం మీద పడింది.

"జడ లేకపోయినా నీ కాడనేనా?" జుట్టు వెనకనుంచి అడిగింది.

"గుండు కొట్టించినా నా కాడనే," అన్నాడు చెంగల్రాయుడు.

పంకజం కొంచెంసేపు ఆలోచించి, రెండో చెయ్యి తనే వదిలేసింది.