రెండో నెలలో ఒక రోజు

ఇరుసులో రెండు చుక్కల ఆముదం వేసి, జోసెఫ్ సానచక్రాన్ని ఒకసారి ఒట్టిగా తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. కిర్రుమనలేదు. చట్రానికి తాడు చుట్టి, ఎడమ భుజం మీద మడతపెట్టిన తువ్వాలు వేసుకుని, దాని మీదికి ఎత్తుకున్నాడు. నలభై ఏడేళ్లుగా అదే భుజం. కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. హిందూపురంలో ఆయన చొక్కాలు కుట్టే దర్జీ రెండు భుజాలకూ వేరువేరుగా కొలత తీసుకుంటాడు, అదీ నవ్వకుండా.

"పెనుకొండలో దిగి కూసోవాకు. రేపు పండగ. ధర్మవరమోళ్లు కత్తెర్లు పెట్టుకోని ఎదురు చూస్తాంటారు," అంది భార్య పుల్లమ్మ.

"ఒక్క కత్తి చూసి, తర్వాత బండికి పోతా."

ఆదివారం తప్పకుండా చర్చికి పోయే జోసెఫ్‌కి ఏడాది మొత్తంలో తీరిక లేని రోజు మాత్రం ఆయుధపూజ ముందు రోజే. పసుపూ కుంకుమా పెట్టించుకోవాలంటే ప్రతి ఇంటి కత్తీ ముందు ఆయన చేతిలో పడి తెల్లబడాలి. ధర్మవరం మగ్గాల వీధుల్లో ముప్పై ఏళ్లుగా ఈ రోజు ఆయనదే.

పొద్దున రైలుబండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి గంపలో కొడవలి కొన కనిపించింది. కొత్తచెరువు కమ్మరిది అనుకున్నాడు. ఆ కమ్మరికి కొన దగ్గర ఎప్పుడూ తొందర, కాస్త ఎక్కువ కాలుస్తాడు. జోసెఫ్ అతన్ని ఏనాడూ చూడలేదు. చుట్టుపక్కల కమ్మర్లలో చాలామందిని చూడలేదు. వాళ్లు కొట్టిన ఇనుము చేతికి వస్తుంది, అంతే. కనగానపల్లి కమ్మరి చనిపోయిన సంగతి కూడా ఎవరూ చెప్పకముందే ఆయనకు తెలిసింది. ఒక వేసవిలో ఆ ఊరి నుంచి వచ్చిన కొడవళ్లలో చెయ్యి మారిపోయింది. ఆ పూట జోసెఫ్ అన్నం సరిగా తినలేకపోయాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియని దుఃఖం అది.

పెనుకొండలో కత్తి కోసం కబురు పెట్టిన జయమ్మ వాకిలి ఊడ్చి ఎదురు చూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. లోపలి నుంచి పాత మిలిటరీ కంబళిలో చుట్టిన కత్తిని తెచ్చి అరుగు మీద పెట్టింది.

"మా మామ బర్మా యుద్ధం నుంచి తెచ్చినాడప్పా. జపానోళ్లదంట. యాభై ఏండ్ల నుంచి చూస్తాండా, పండక్కి గుమ్మడికాయ కొట్టేది దీంతోనే."

మూరన్నర పొడవు. కొద్దిగా వంపు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టారు. గుమ్మడికాయల రసం, ఏళ్లనాటి పసుపు, తుప్పు కలిసి కత్తి మొత్తం అట్టకట్టి నల్లగా ఉంది.

"నాలుగింటికి దినేష్ డ్యూటీ నుంచి వస్తాడు," అంది జయమ్మ గొంతు తగ్గించి. దినేష్ ఆమె మనవడు, ఊరి బయట కార్ల ఫ్యాక్టరీలో పని. "వాడు కారు కొన్న్యాడు గదా. దాని ముందర కత్తి తళతళా మెరవాలంట, ఫోటోలకు. గ్రైండర్ మిషన్ తెచ్చి ఐదు నిమిషాల్లో గీకేస్తా అంటాడు. నా కత్తిపీట అట్లే గీకి వేడికి నీలంగా చేసిపెట్టినాడు. వంకాయ గుడక తెగదు. వాడు వచ్చేలోగా నువ్వే తెల్లగా చేసెయ్యి, మా మామ కత్తిని ఆ మిషన్‌కి పెట్టనియ్యొద్దు."

"అరగంట పనక్కా," అన్నాడు జోసెఫ్. అంత ధీమాగా అన్న మాట అది. తర్వాత చాలాసేపు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

చట్రం నిలబెట్టి, పెడల్ తొక్కి, పిడికి దగ్గరగా కత్తిని చక్రానికి ఇలా తాకించాడో లేదో, కాలు దానంతటదే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆయన ఎన్నడూ విన్నది కాదు. మామూలు కత్తి చక్రం మీద అరుస్తుంది. ఇది సన్నగా పలికి, చక్రం ఆగాక కూడా కాసేపు చేతిలో పలుకుతూనే ఉంది. కళ్లజోడు సర్దుకుని చూశాడు. తాకిన చోట బియ్యపు గింజంత గీత పడింది. దాని పక్కనే మురికి రాలిన చోట నీళ్లలాంటి నిగనిగ.

"తప్పు చేసినా," అన్నాడు పైకే. జయమ్మకు అర్థం కాలేదు.

చక్రాన్ని పక్కకు జరిపాడు. సంచి అడుగు నుంచి గుడ్డలో చుట్టిన చిన్న రాయి తీశాడు. బూడిదరంగు రాయి, అరచేతిలో సగం. మంగలికత్తులు నూరడానికి పని నేర్పిన గురువు ఇచ్చింది. మంగలి షాపుల్లోకి పారేసే బ్లేడ్లు వచ్చాక దానికి పని లేకుండా పోయింది. ఇరవై ఏళ్లుగా సంచిలో బరువు తప్ప దాని వల్ల ఉపయోగం లేదు. అయినా పారెయ్యలేదు. బొటనవేలు ఆనీ ఆనీ దాని మీద ఒక గుంట పడింది. ఆ గుంటలో ఆయన వేలు తప్ప ఇంకొకటి ఇమడదు.

బండ మీద తడిపిన గోనెసంచి పరిచి, దాని మీద కత్తిని పడుకోబెట్టి, నీళ్లు చిలకరించి రుద్దడం మొదలుపెట్టాడు. రాయి కింద నల్లటి బురద ఊరింది. కడిగాడు. మళ్లీ రుద్దాడు. పదకొండయ్యేసరికి రెండు వేళ్ల వెడల్పున తుప్పు పోయి ఇనుము బయటపడింది. దాని మీద, అంచుకు కాస్త పైన, ఒక తెల్లటి మచ్చ.

"అది పోవల్ల మళ్ల," అంది జయమ్మ మజ్జిగ ఇస్తూ. "గుమ్మడికాయ మరక అది."

జోసెఫ్ కూడా మరకే అనుకున్నాడు. గట్టిగా రుద్దాడు. మచ్చ పోలేదు సరికదా, ఇంకా తేటపడింది. ఇంకో వేలు మేర రుద్దితే అక్కడా వచ్చింది. రుద్దిన కొద్దీ పెరిగే మరకను ఆయన జీవితంలో చూడలేదు. పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున కట్టే నురగలాగా, ఎగుడుదిగుడుగా, కత్తి పొడవునా సాగుతోంది అది.

జేబులో ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి లక్ష్మీకాంత్, మగ్గాల వీధిలో అందరి తరఫునా మాట్లాడే నేతగాడు.

"ఏమప్పా, యాడుండావు? నలభై కత్తెర్లు పెట్టుకోని కూసున్యాం."

జోసెఫ్ కత్తి వైపు చూశాడు. "నేను రాలేనబ్బా ఈ పొద్దు."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగుండా. ఈడ ఒక పని ఉండాది."

ముప్పై ఏళ్లలో మొదటిసారి అలా అన్నాడు. లక్ష్మీకాంత్ ఏదో అంటుండగానే ఫోన్ కింద పెట్టి, కత్తిని ఎండకేసి ఏటవాలుగా పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. కత్తిని అలాగే పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

గొడ్డలిని ఎర్రగా కాల్చి అంచు మాత్రమే నీళ్లలో ముంచుతారు కమ్మర్లు. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా మిగులుతుంది. ఆ రెండూ కలిసే చోట లీలగా ఒక గీత పడుతుంది. మంచి గొడ్డళ్ల మీద దాన్ని రెండుసార్లు చూశాడు జోసెఫ్. అది అనుకోకుండా పడిన గీత. ఇది అనుకుని వేసింది. ఇంత పొడవు కత్తిని ఏం చేసి, దేన్ని పూసి, ఎక్కడ నీళ్లు తాగనిచ్చాడో, ఎక్కడ తాగనివ్వలేదో ఆ మహానుభావుడు! మరక ఇనుము మీద లేదు. ఇనుములోనే ఉంది. గీత పైన వేపచెక్క మీద ఉన్నట్టు సన్నటి రేఖలు. మడతపెట్టి కొట్టి, మళ్లీ మడతపెట్టి కొడితే తప్ప అలాంటివి రావు.

"దేవా," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

ఇక ఆకలి తెలియలేదు. ఒంటిగంటకు జయమ్మ పెట్టిన సంగటి ముద్ద మూత కిందే చల్లారింది. రాయి కదులుతున్న కొద్దీ ఆయనకు ఒక మనిషి పరిచయమవుతున్నాడు. తొందర లేని మనిషి. చెయ్యి తేలిక. తనమీద తనకు నమ్మకం ఉన్నవాడే కానీ, చూపించుకునే రకం కాదు. జానెడు మేరలో ఒక్కచోట ఆ నురగ గీత కొంచెం కిందికి జారి, వెంటనే సర్దుకుంది. అక్కడ రాయిని ఆపాడు జోసెఫ్. ఏమైంది నాయనా ఆ క్షణంలో? దగ్గు వచ్చిందా? ఇంట్లో వాళ్లు ఎవరైనా పిలిచారా? ఎడమ భుజం లాగుతోంటే కాసేపు వేళ్లతో నొక్కుకుని, మళ్లీ రాయి అందుకున్నాడు.

నాలుగింటికి బైకు ఆగింది. దినేష్ చేతిలో గ్రైండర్ మిషన్‌తో లోపలికి వచ్చి, కత్తిని చూసి నవ్వాడు.

"ఏం తాతా, పొద్దుననంగా కూసోని జానెడేనా? ఇంకో వారం పట్టేటట్టుంది. జరుగు, ప్లగ్గు పెడతా."

జయమ్మ జోసెఫ్ మొహంలోకి చూసింది. మిషన్ ఒక్కసారి తిరిగితే ఈ కత్తి కొట్టిన ఆ మనిషి ఇక ఉండడు. ఇన్నాళ్లు తుప్పు కింద దాక్కుని బతికినవాడు ఐదు నిమిషాల్లో పోతాడు. ఈ మాట ఎలా చెప్పాలో జోసెఫ్‌కి తెలియదు.

"నువ్వు ఫ్యాక్టరీలో ఏం పని చేస్తావు నాయనా?"

"రంగేసిన డోర్లు చెక్ చేస్తా. గీతలుంటే పట్టుకోవల్ల."

"అట్లే చూడు దీన్ని ఒకతూరి."

దినేష్ విసుగ్గానే కత్తిని అందుకున్నాడు. కానీ పట్టుకోవడం అలవాటు ప్రకారమే పట్టుకున్నాడు, కళ్ల ఎత్తున, వెలుతురు జారేటట్టు. ముందు అతనికి కనిపించింది బియ్యపు గింజంత గీత.

"ఇది కొత్తగా పడింది."

"నేను చేసిందే. చక్రం పెట్టినా తెలియక."

దినేష్ ఇంకా వంచాడు. వెలుతురు పిడి నుంచి జానెడు దూరం పాకింది, నురగ గీత లేచి నిలబడింది. అతని నవ్వు ఆగిపోయింది. ఊపిరి తగిలితే మసకబారుతుందేమోనని కాబోలు, నోరు మూసుకున్నాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు.

"ఇది పైన లేదు తాతా," అన్నాడు చివరికి. "లోపల ఉండాది."

"ఉండాది కదా!" అన్నాడు జోసెఫ్. పొద్దుటి నుంచి ఆ ఒక్క మాట కోసమే కూర్చున్నట్టు ఆయన మొహం వెలిగింది.

దినేష్ మిషన్ వైరు చుట్టేశాడు. ఇద్దరూ కలిసి సైకిల్ ట్యూబు విప్పి, పిడికి అడ్డంగా ఉన్న వెదురు సీలను మేకుతో నెట్టి, పిడిని ఊడదీశారు. లోపలి ఇనుము నల్లటి తుప్పు. దాని మీద ఉలితో చెక్కిన అక్షరాలు, రెండు వరుసలు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. దినేష్ ఫోన్ కెమెరా పెట్టి తెలుగులోకి మార్చమంటే అది మూడుసార్లు మూడు రకాలుగా చెప్పింది. ఒకసారి చేపలన్నది కూడా. పేరు ఉన్న వరుస తుప్పులో అరిగిపోయింది. రెండో వరుస చివర మాత్రం ఎన్నిసార్లు పెట్టినా ఒకే మాట వచ్చింది.

"రెండో నెలలో ఒక రోజు," చదివాడు దినేష్.

"ఏ రోజంట?"

"అది రాయలా తాతా. ఒక రోజు. అంతే."

జోసెఫ్ ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. పిడి కిందకి ఎవరు చూస్తారని రాశాడు? పేరు పోయింది, ఊరు తెలియదు, ఆ రోజు మాత్రం వచ్చింది. సముద్రాలు దాటి, యుద్ధం దాటి, ఇన్ని గుమ్మడికాయలు దాటి పెనుకొండలో ఈ అరుగు మీదకు వచ్చింది.

"ఈడ తుప్పు ముట్టుకోవాకు నాయనా. అట్లే ఉండనీ."

పిడిని మళ్లీ బిగించేసరికి బండి టైమైంది. చట్రం భుజానికెత్తుకుని గుమ్మం దాటుతుంటే జయమ్మ వెనక నుంచి పిలిచింది.

"అప్పా, నీ రాయి మర్చిపోతాండావు."

"మర్చిపోలేదక్కా. దానికి నా దగ్గర పని లేదు. మిగిలింది వచ్చే పండక్కి చేస్తా. నేను రాకుంటే ఈ పిల్లోడు చేస్తాడు, చూపుండాది వీనికి. తొందరపడొద్దను."

సాయంత్రం బండిలో మళ్లీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. పెనుకొండ కొండ వెనక్కి పోయింది. ఎదుటి సీటులో పిల్లవాడు వేరుశనక్కాయలు ఇవ్వబోతే తాత నిద్రపోతున్నాడని వాళ్లమ్మ ఆపింది. హిందూపురంలో అందరూ దిగిపోయాక రైలు ఊడ్చేవాడు భుజం తట్టి లేపబోయాడు, లేవలేదు. తల కిటికీకి ఆనించి ఉంది. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి బొటనవేలు రోజంతా నీళ్లలో నాని ముడతలు పడింది. ఆ ముడతలు ఇంకా ఆరలేదు.

మర్నాడు పొద్దున జయమ్మ పీట మీద కొత్త గుడ్డ పరిచింది. పెనుకొండకు జోసెఫ్ పోయిన కబురు ఇంకా రాలేదు. దినేష్ గుమ్మడికాయను వంటింటి మచ్చుకత్తితో కొట్టాడు. ఫోటోలు మాత్రం తీసుకున్నాడు, జానెడు మేర తెల్లబడిన కత్తిని ఎండకు వంచి వంచి. జయమ్మ కత్తికి పసుపు పెట్టబోయి ఆగి, పిడికి మాత్రమే బొట్టు పెట్టింది. పక్కనే ఉన్న రాయికి కూడా పెట్టాలనిపించింది. కుంకుమలో ముంచిన వేలిని రాయి మీది గుంటలో ఆనించింది. గుంట ఆమె వేలికి వదులైంది. చుట్టూ ఖాళీ మిగిలితే, ఇంకాస్త కుంకుమ తీసుకుని ఆ బొటనవేలి గుంటను నిండా నింపింది.