ప్రార్థనలో లేని పేరు

జ్ఞానరాజు పాస్టరుగారు ఎవరి సంగతైనా తేల్చి చెప్పే ముందు గొంతు సవరించుకుంటారు. పెళ్ళి సంబంధమైనా, పొలం గట్టు తగాదా అయినా, ఆ సవరింపు వినబడిందంటే ఇక అక్కడ రెండో మాట ఉండదు. సోమవారం మధ్యాహ్నం సుందరం ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

"కృప వాళ్ళమ్మ పొద్దన చనిపోయిందంట. వాళ్ళన్న ఫోన్ చేసినాడు."

సుందరం భార్య విశ్వాసమ్మ చేట ముందు పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. చేతిలో ఉన్న కాయ పగలగొట్టి, గింజలు ఒక పక్క, తొక్క ఒక పక్క వేసి, ఇంకో కాయ తీసుకుంది. విన్న మాట లోపలికి దిగడానికి అంతసేపు పట్టింది.

కృప అసలు పేరు చిసోమో. ఆఫ్రికాలో మలావి దేశం. అక్కడ వ్యవసాయం చదువుతూ, మెట్ట పంటల గురించి ఒక సెమిస్టరు నేర్చుకోవడానికి ఇక్కడి కాలేజీకి వచ్చింది. హాస్టల్లో ఉండనని, రైతు ఇంట్లో ఉండి చదువుకుంటానని తనే అడిగితే, పాస్టరుగారు ఈ ఇల్లు చూపించారు. మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో చిన్న ఊరు. సుందరానికి ఉన్నది నాలుగెకరాల మెట్ట. వాన పడితే వేరుశనగ, పడకపోతే ప్రార్థన. చిసోమో అంటే వాళ్ళ భాషలో కృప అని తెలిశాక ఊళ్ళో ఎవరూ ఆ పిల్లను ఇంకో పేరుతో పిలవలేదు.

వచ్చిన మొదటి రోజు, ఈ పిల్ల ఏం తింటుందో ఏమోనని విశ్వాసమ్మ భయపడుతూ పెట్టిన సంగటి ముద్దను చూసి కృప పకపకా నవ్వింది. వాళ్ళింట్లోనూ ఇదే కూడు, కాకపోతే మొక్కజొన్న పిండితో. తుంచి, కూరలో అద్దుకుని మింగిన తీరు చూసి సుందరం, "మన పిల్లే మ్మే ఇది" అనేశాడు. ఆ రోజే కృప "అమ్మా" అని పిలవబోతే విశ్వాసమ్మ ఆపింది. "మీ అమ్మ ఉండాది గదా నాయనా. నేను ఆమె కన్నా పెద్దదాన్ని. పెద్దమ్మా అను."

ఇద్దరూ మగపిల్లలే పుట్టిన ఇల్లు అది. పెళ్ళిళ్ళయి ఎవరి సంసారం వాళ్ళు చూసుకుంటున్నారు. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెప్పే ఆడపిల్ల ఎట్లా ఉంటుందో విశ్వాసమ్మకు అరవై దగ్గర పడ్డాక తెలిసింది. కృప తెలుగు నేర్చుకున్నది ఆ పీట మీదే. అందుకే ఆమెది పుస్తకాల తెలుగు కాదు, అచ్చంగా విశ్వాసమ్మ తెలుగు.

"వాళ్ళన్న ఒకటి అడిగినాడు," అన్నారు పాస్టరుగారు. "పాప వస్తాదంటే టౌను ఆసుపత్రిలో శవాన్ని పెట్టి ఆపుతారంట. పాపను అడిగి చెప్పమన్నాడు." మళ్ళీ గొంతు సవరించుకున్నారు. "ఇంకా రెండు పరీక్షలుండాయి. శుక్రారం ఎట్లా పోతానే ఉండాది. ఇప్పుడు చెప్తే చదువు పాడయితాది. ఒక్కతే అంత దూరం ఏడ్చుకుంటా పోవల్ల. పరీక్షలయినాక మెల్లగా చెప్దాం. పాపను అడిగినాం, ఆపొద్దనింది అని చెప్పేసినా."

"మంచి పని చేసినారయ్యా," అన్నాడు సుందరం.

పెద్ద కొడుకు వసంతకుమార్ కడపలో కారు బాడుగకు తిప్పుతాడు. శుక్రవారం కృపను బెంగళూరు విమానాశ్రయానికి తీసుకుపోవాల్సింది అతనే. ఫోన్లో సంగతి విని, "చావు సంగతి చెప్తే విమానమోళ్ళు టికెట్టు ముందుకు మారుస్తారు నాయనా, కనుక్కునేదా?" అని అడిగాడు. "నువ్వు గమ్మునుండు," అన్నాడు సుందరం.

చావు కబురును చావు కబురుగా చెప్పడం ఈ సీమలో ఎవరికీ రాదు. ఒంట్లో బాగలేదు, బయల్దేరి రా అంటారు. విశ్వాసమ్మకు కూడా వాళ్ళమ్మ పోయినప్పుడు అట్లాగే చెప్పారు. బద్వేలు బస్సులో కూర్చుని దారి పొడుగునా, అమ్మను బాగు చేయి ప్రభువా అని వేడుకుంటూ పోయింది. వీధి మలుపు తిరగ్గానే ఇంటి ముందు బెంచీలు, తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు కనబడ్డారు. చనిపోయిన మనిషికి స్వస్థత అడుగుతూ వచ్చానే అని ఆమె ఎన్నేళ్ళు కుమిలిందో ఆమెకే తెలుసు. చెప్పండయ్యా, దాచొద్దు అని ఆ వసారాలో గట్టిగా అనాల్సిన మనిషి ఎవరైనా ఉంటే, అది విశ్వాసమ్మే.

ఆమె అనలేదు. కాలేజీ నుంచి రాగానే చెబితే కృప ఆ సాయంత్రమే బయల్దేరిపోతుంది. చెప్పకపోతే శుక్రవారం దాకా ఉంటుంది. ఆ సంగతి ఒక్కటే ఆమె మనసులో తిరిగింది. తిరిగినందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే నోరు మూసుకుంది.

పొద్దు గూకాక ఆ ఇంట్లో చాప వేసి కుటుంబ ప్రార్థన చేస్తారు. చేసేది విశ్వాసమ్మ. ఆమెది పేరు పేరునా చేసే ప్రార్థన. కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు, పక్కింటి కృష్ణవేణమ్మ మోకాలు, కృష్ణవేణమ్మ బర్రె, అందరూ అందులో ఉంటారు. కృష్ణవేణమ్మ వాళ్ళు నరసింహస్వామి భక్తులు, ఏటా అహోబిలం పోతారు. అయినా మోకాలు నొప్పి తగ్గితే "నీ ప్రార్థనే మేలు చేసింది లేమ్మే" అంటుంది.

కృప వచ్చినప్పటి నుంచి ఆ వరుసలో చివర ఇంకో పేరు చేరింది. వాళ్ళమ్మ పేరు ఎస్నాతు. విశ్వాసమ్మ వినగానే బైబిలు తెరిపించి, యోసేపు భార్య పేరు చూపించి, "మన ఆసెనతు గదా" అంది. అప్పటి నుంచి రోజూ "మలావిలో ఉండే ఆసెనతమ్మకు ఆయుసు, ఆరోగ్యం ఇయ్యి ప్రభువా" అన్నాకే ఆమేన్. ఆమెకు చక్కెర జబ్బు, పాదం పుండు మానడం లేదని కృప చెప్పింది కాబట్టి, ఆ పాదం కూడా ప్రార్థనలోకి వచ్చింది.

సోమవారం సాయంత్రం విశ్వాసమ్మ బర్రె దాకా వచ్చి ఆగిపోయింది. మనిషి ముందు కళ్ళు తెరిచి అబద్ధం ఆడగలదు. మధ్యాహ్నం నుంచి ఆడుతూనే ఉంది. దేవుడి ముందు కళ్ళు మూసుకుని, చనిపోయిన మనిషికి ఆయుష్షు అడగడం ఆమె వల్ల కాలేదు. ఒకసారి తెలియక అడిగింది, తెలిసి అడగలేదు. సుందరం గబుక్కున ఆమేన్ అన్నాడు. కృప కళ్ళు తెరిచి విశ్వాసమ్మ వైపు చూసి, చాప చుట్టడానికి లేచింది.

మంగళవారం పరీక్ష రాసి వచ్చింది. అన్న ఫోను కలవడం లేదంది. పల్లెకు పోయుంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు అని తనే సర్దిచెప్పుకుంది. బుధవారం మైదుకూరు పోయి అమ్మకు చీర కొనుక్కొచ్చింది. చిలకపచ్చ, ఎర్ర అంచు. మంచం మీద పరిచి, "బాగుందా పెద్దమ్మా? అమ్మకు కట్టుకునేది రాదు. నేను నేర్పిస్తా" అంది.

"శానా బాగుంది," అంది విశ్వాసమ్మ.

"ఈ అంచు ఊడిపోతాదేమో. కుట్టిస్తావా?"

ఆ మధ్యాహ్నమంతా విశ్వాసమ్మ వాకిట్లో కూర్చుని, కట్టుకునే మనిషి లేని చీరకు అంచు కుట్టింది. రెండుసార్లు సూది వేలికి గుచ్చుకుంది. చీర మీద నెత్తురు పడకుండా వేలు నోట్లో పెట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే వదిలేసింది. చదువుకుంటున్న కృప కిటికీలోంచి రెండు మూడుసార్లు చూసింది. ఏమీ అడగలేదు.

గురువారం చివరి పరీక్ష కూడా అయిపోయింది. చెప్పాల్సిన రోజు అది. పాస్టరుగారు వచ్చి కాఫీ తాగి, గొంతు సవరించుకుని, వర్షాల గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. వాకిట్లో సుందరానికి మాత్రం, "విమానం ఎక్కే ముందు వసంతకుమార్ చెప్తాడులే" అన్నారు. పరాయి దేశం పిల్లకు తల్లి చావు చెప్పే పని కారు డ్రైవరు నెత్తిన పడింది.

శుక్రవారం పొద్దున కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. కృష్ణవేణమ్మ సీసాలో శెనక్కాయ పొడి తెచ్చి కృప సంచిలో కుక్కింది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకుని, మళ్ళీ రా మ్మా అన్నారు. పాస్టరుగారు కృప తల మీద చెయ్యి పెట్టి ప్రయాణం కోసం సుదీర్ఘంగా ప్రార్థించారు. విమానం రెక్కలను కూడా వదలలేదు. అందరూ ఆమేన్ అన్నారు.

కృప అనలేదు. విశ్వాసమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వు చెయ్యి."

"అయ్యగారు చేసినారు గదా నాయనా."

"నువ్వు చెయ్యి. మా అమ్మ పేరు చెప్పి చెయ్యి. సోమవారం నుంచి మా అమ్మ పేరు లే. బర్రెకు గూడా చేస్తివి. మా అమ్మకు చేయలే."

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. మొదటిసారి ఆ ఊళ్ళో ఎవరూ ఆయన వైపు చూడలేదు.

విశ్వాసమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. కృప రెండు చేతులూ పట్టుకుంది. "దయగల తండ్రీ," అని మొదలుపెట్టింది. కృప ప్రయాణం చెప్పింది, కారు నడిపే కొడుకును చెప్పింది. బిడ్డ చదువు చెప్పింది. చివరి పేరు దగ్గరికి వచ్చింది. కృప వేళ్ళు ఆమె చేతిలో బిగుసుకున్నాయి.

"ప్రభువా, ఆసెనతమ్మను సోమవారం పొద్దన నీ దగ్గరికి పిలుచుకుంటివి. ఆ మాట మేము ఈ బిడ్డకు చెప్పలేదు. మమ్మల్ని క్షమించు."

ఆమేన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. కృప కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి.

"తెలుసా నాయనా నీకు?" అంది విశ్వాసమ్మ.

"తెల్దు. బయమేస్తాండె. అడిగితే నువ్వు చెప్తావని బయమేసి అడగలే." కళ్ళు తెరిచి, "మట్టి చేసేసినారా?" అంది.

"చేసేసినారు. నువ్వొచ్చేదాకా ఆపుదామని మీ అన్న అడిగినాడంట. మేము వద్దన్యాం."

"నన్ను అడగకుండానా?"

"పరీక్షలున్నాయి కదమ్మా, నీ మంచి కోసమే..." పాస్టరుగారు అందుకున్నారు.

"వాళ్ళకు పరీక్షలు," అంది విశ్వాసమ్మ ఆయన మాటకు అడ్డం వచ్చి. "నాకు గాదు నాయనా. చెప్తే ఆ పొద్దే పోతావని చెప్పలే. ఇంగో నాలుగు దినాలు నా ఇంట్లో ఉంటావనుకున్యా. నా స్వార్థం అది."

కృప ఆమె చేతులు వదిలేసింది. విదిలించినట్టు కాదు, మెల్లగానే వదిలింది. అయినా వసారాలో ఉన్నవాళ్ళందరికీ అది కనబడింది. సంచి భుజానికి తగిలించుకుంది. చిలకపచ్చ చీర ఆ సంచిలోనే ఉంది, దాని మాట ఎవరూ ఎత్తలేదు. సుందరం పెట్టె పట్టుకోబోతే తనే ఎత్తి కారులో పెట్టుకుంది. వసంతకుమార్ అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

విశ్వాసమ్మ కారు దగ్గరికి వచ్చి నిలబడింది. మళ్ళీ రా అనే హక్కు తనకు లేదనిపించింది.

కృప అద్దం దించింది.

"అడిగింటే నేను పోయిండేదాన్ని," అంది. "పరీక్ష పోయినా పోయిండేదాన్ని. ఒక పిడికెడు మట్టి ఏసిండేదాన్ని."

"పోయిండేదానివి నాయనా. నాకు తెలుసు."

ఇంజను మొదలైంది. కృప ముందుకు చూస్తూనే, ఇంకెవరికో చెబుతున్నట్టు అంది.

"మా అమ్మ గూడా రోజూ నీకు ప్రార్థన చేస్తాండె. నీ పేరు ఆమెకు నోరు తిరగదు. 'అక్కడ నా బిడ్డను చూసుకునే అక్క' అంటాండె. ఆ అక్కకు ఆయుసు ఇయ్యి అని."

కారు కదిలింది. వీధి చివర మలుపు తిరిగి, బద్వేలు రోడ్డు ఎక్కి, దుమ్ము కూడా సర్దుకున్నాక కృష్ణవేణమ్మ వచ్చి విశ్వాసమ్మను జబ్బ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం మామూలుగానే చాప వేశారు. పీట పొయ్యి పక్కనే ఉంది, దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు. విశ్వాసమ్మ కొడుకుల్ని చెప్పింది, కోడళ్ళను చెప్పింది, మోకాలు, బర్రె చెప్పింది. ఎక్కడో ఆకాశంలో ఉన్న కృపను చెప్పింది. ఇక తన కోసం అడిగే మనిషి మలావిలో లేదని గుర్తొచ్చి మాట ఆగిపోయింది. సుందరం ఈసారి తొందరపడలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా కళ్ళు మూసుకునే కూర్చుని, ఆ తర్వాత ఆమేన్ అన్నాడు.