పొగగొట్టం ఏ వైపు

షెడ్డమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. నలభై ఏళ్లు ట్రాక్టర్ల మధ్య బతికినవాళ్లకు ఆ గుణం దానంతటదే అబ్బుతుంది. "నిన్నటిదాకా బంగారంలా నడిచిందమ్మా, ఇవాళే ఏమైందో" అంటూ బండిని తాడు కట్టి ఈడ్చుకొచ్చినవాడి ముఖం చూడగానే, వాడు ఆరు నెలలుగా ఆయిలు మార్చలేదని ఆమెకు తెలిసిపోతుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆయనకు పానాలు అందించింది. ఆయన పోయాక పానా తనే పట్టుకుంది. అప్పటినుంచి ఊరంతా షెడ్డమ్మ అనే పిలుస్తోంది.

పాత రైల్వే స్టేషను పక్కన ఒక చిన్న మ్యూజియం ఉంది. అక్కడ యుద్ధకాలం నాటి ఫొటోలతో ప్రదర్శన పెట్టాలనుకున్నారు. అప్పట్లో ఊరి బయట విమానాల మైదానం ఉండేది. పాతకాలం ఫొటో నెగెటివ్‌లు, ఒక పెట్టెడు గాజు పలకలు దొరికాయి. వాటిని కంప్యూటరుకు ఎక్కించి పెద్దవి చేస్తే ఎక్కడ చూసినా విమానాలూ, వాటిని లాగే ట్రాక్టర్లూ. ఏది ఏ రకమో చెప్పేవాళ్లు లేరు. మ్యూజియం మేడమ్ చిన్న వయసు మనిషి, పరాయి ఊరినుంచి కొత్తగా వచ్చింది, కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే రకం. ఆమె ఇద్దరిని పిలిపించింది. ట్రాక్టర్లు గుర్తుపట్టడానికి షెడ్డమ్మ. విమానాలు గుర్తుపట్టడానికి రెక్కల తాత.

రెక్కల తాత విమానాల ఇంజన్లు విప్పి బిగించే పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. గాజు పలకల పెట్టె కూడా ఆయనిచ్చిందే. ఆయన మేనమామకు ఫొటో స్టూడియో ఉండేదట. ఊరికి తాతే గాని, షెడ్డమ్మకు వరసకు బాబాయ్.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి.

"ఇదేం విమానం బాబాయ్?"

"ఉండమ్మాయ్, తోక చూడనీ. ముఖం చూసి దేన్నీ నమ్మకూడదు. తోక చూడాలి."

"మనుషుల్ని కూడానా? మనుషులకు తోకెక్కడుంది?"

"చాలామందికి ఉంది. దాచుకుంటారు."

మేడమ్ నవ్వి అదీ రాసుకోబోయింది.

పన్నెండో ఫొటోలో శత్రువుల విమానం ఒకటి వచ్చింది. నల్లటి చతురస్రంలో తెల్లటి చుక్క వాళ్ల గుర్తు. రెక్కల తాత దాని మీద అరగంట ప్రసంగం చేశాడు. "ముక్కు పక్కన ఈ గొట్టం చూశావూ? ఇంజను గాలి పీల్చేది దీంతోనే. ఎడమవైపు ఒక్కటే ఉంటుంది. గుడ్డివాణ్ణి తీసుకొచ్చి తడమమన్నా చెప్తాడు."

ఇరవయ్యో ఫొటోలో చిలకముక్కు బండి వచ్చింది. ముందుభాగం చిలక ముక్కులా వంగి ఉంటుందని మెకానిక్కులు ఆ ట్రాక్టరుకు పెట్టుకున్న పేరు అది. "దీని బెల్టు ఎంతమంది వేళ్లు తిన్నదో" అంది షెడ్డమ్మ. "ఆ కాలంలో దీన్ని తోలినవాళ్లలో సగం మందికి పదివేళ్లూ ఉండేవి కావు."

"నాకు చెప్తావా?" అన్నాడు రెక్కల తాత. "మా నాన్న చెంపదెబ్బ కొడితే నా ఎడమ బుగ్గ మీద మూడు వేళ్లే తేలేవి. మిగతా రెండూ ఈ చిలక కొరికేసింది. రెండు వేళ్ల దెబ్బ నాకు తప్పిందని మా అమ్మ సంతోషపడేది."

అందరూ నవ్వారు. అది మంగళవారం.

బుధవారం ముప్పై ఒకటో ఫొటో తెర మీదికి వచ్చింది. చిలకముక్కు బండి ఎదురుగా వస్తోంది. దాని వెనక తాడు, తాడు వెనక విమానం. రెక్క మీద నల్లటి చతురస్రం, తెల్లటి చుక్క. తోక మీది అంకెల్ని గోనెపట్టా కప్పేసింది. బండి తోలేవాడి టోపీ నీడలో ముఖం కనపడదు. చక్రం మీద చెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. ఎడమచెయ్యి. దానికి మూడే వేళ్లు.

షెడ్డమ్మ చూపు ఆ చేతి మీద ఆగిపోయింది. బండి వంక చూడటమే మానేసింది.

"విమానం?" అంది మేడమ్.

"శత్రువులదే" అన్నాడు రెక్కల తాత. అంతే. ఒక్క మరమేకు గురించి గంట మాట్లాడే మనిషి, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూచున్నాడు.

మేడమ్ మైదానంలో పనిచేసినవాళ్ల పాత జాబితా తెచ్చింది. అందులో ప్రతి మనిషి పక్కనా ఒంటిమీది గుర్తులు రాసి ఉన్నాయి. వేలితో కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది. "దొరికాడు! ట్రాక్టరు డ్రైవరు. ఎడమచేతికి చిటికెన వేలు, ఉంగరపు వేలు లేవు." పేరు పైకి చదివింది.

"ఆయన మా మామగారు" అంది షెడ్డమ్మ.

మేడమ్ ముఖం ఎర్రబడింది. "క్షమించండమ్మా, నాకు తెలీదు. నేను గౌరవంగానే రాస్తాను. కానీ రాయకుండా ఎలా ఉండను? శత్రువులు మైదానం పట్టుకున్నాక వాళ్లకు ఎవరెవరు పనిచేశారన్నదే జనం చూడటానికి వచ్చేది. శనివారం తెరుస్తున్నాం."

షెడ్డమ్మ తల ఊపి ఇంటికొచ్చేసింది.

ఆ ఇంట్లో మామగారి కథ ఒక్కటే ఉంది, అది పిల్లలకు అన్నంతోపాటు పెట్టారు. శత్రువులు వచ్చిన రోజు ఆయన తన బండి మాగ్నెటో విప్పి, నిప్పు పుట్టించే ఆ ముక్కను బావిలో పడేసి, వాగు అవతల రెల్లులో దాక్కున్నాడు. పదకొండు నెలలు. తిరిగొచ్చేసరికి ఎముకల గూడు, దగ్గు. ఆ దగ్గుతోనే పోయాడు. "మా నాన్న వాళ్లకు ఒక్క చక్రం తిప్పలేదు" అనేవాడు షెడ్డమ్మ భర్త. అది చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయ్యేది. శనివారం ఆ ఫొటో కింద ఆ పేరు ఎక్కితే ఆ వెన్ను విరిగినట్టే. ఆయన లేడుగా అంటే, లేడు కాబట్టే మరీ.

ఆడపడుచు పళ్లెంలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. షెడ్డమ్మ భర్తకు అక్క. డెబ్బై దాటినా నోటికి వయసు రాలేదు. ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు.

"అబద్ధం!" అంది మొత్తం విని. "మా నాన్నా? ఆ కళ్లద్దాల పిల్లకు ట్రాక్టరుకూ ఎద్దుకూ తేడా తెలుసా?"

"ట్రాక్టరు సంగతి కాదు వదినా. చెయ్యి కనపడుతోంది. ఎడమచెయ్యి. మూడు వేళ్లు."

"నువ్వు కూడా నమ్మావా?"

"నేను నమ్మలేదు."

"నమ్మకపోతే ఆ ముఖమేంటి, వాన కారిన గోడలా?"

షెడ్డమ్మ మాట దాటేసి పెరట్లోకి పోయింది. ఎందుకంటే నమ్మడం మొదలైంది. అనుమానం చెదలాంటిది. ఒక మూల పట్టిందంటే ఇల్లంతా తనదే అనుకుంటుంది. పదకొండు నెలలు రెల్లులో మనిషి ఏం తిని బతికాడు? మాగ్నెటో పడేశానన్నాడే, మరి యుద్ధం అయ్యాక అదే బండి ఎలా నడిచింది? ఇంకోటి వేయించాడేమో. వేయించాడని ఎవరు చూశారు? ఇన్నేళ్లూ రాని ప్రశ్నలు వరసకట్టి వచ్చాయి. పోయిన మనిషిని నిలబెట్టి అడుగుతున్నట్టుంది. ఆయన దగ్గుతున్నాడు, చెప్పడం లేదు.

గురువారం పొద్దున షెడ్డులోకి వెళ్లింది. మామగారి చిలకముక్కు బండి ఇప్పటికీ మూలనే ఉంది. ఎవరికీ అమ్మలేదు. దాని మీద గుడ్డ తీసి, సీటెక్కి కూచుంది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. ఆయన చెయ్యి పెట్టినచోట చెయ్యి పెట్టి చూద్దామనిపించిందేమో. ఎడమచెయ్యి చక్రం మీద వేసింది. కుడిచెయ్యి వేయబోతూ, అలవాటుగా మోచేతిని లోపలికి ముడుచుకుంది.

ఆ ముడుచుకోవడం దగ్గరే ఆగింది.

కుడి మోచేతి కింద నాలుగంగుళాల కాలిన మచ్చ ఉంది ఆమెకు. పెళ్లయిన కొత్తలో ఈ బండి తోలడం నేర్చుకుంటూ పొగగొట్టానికి తగిలించుకున్నది. ఆమె భర్తకూ అక్కడే ఉండేది. మామగారికీ అక్కడే. చిలకముక్కు తోలినవాళ్లందరికీ అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాని పొగగొట్టం కుడివైపే. ఎడమవైపు గొట్టం ఉన్న చిలకముక్కు లోకంలో లేదు.

షెడ్డమ్మ కళ్లు మూసుకుని ముప్పై ఒకటో ఫొటోను తలచుకుంది. చెయ్యి తప్ప ఏదీ చూడలేదని అనుకుంది గాని, కళ్లు చూడనే చూశాయి. గొట్టం ఉంది, పొగ ఉంది. మూడు వేళ్ల చెయ్యి ఏ వైపు ఉందో, గొట్టమూ ఆ వైపే ఉంది.

అంటే ఫొటో తిరగబడింది. అద్దంలో చూసినట్టు. గొట్టం కుడిదైతే ఆ చెయ్యీ కుడిదే.

"మామయ్యా" అంది పైకే. రాత్రంతా మోసిన బరువు దిగింది. దిగినంతసేపు పట్టలేదు, దాని స్థానంలో ఇంకోటి ఎక్కడానికి. బండే తిరగబడితే విమానమూ తిరగబడుతుంది కదా. గాలి గొట్టం ఎడమవైపు ఒక్కటే ఉంటుంది, గుడ్డివాడు కూడా చెప్తాడు అన్న మనిషి, అది కుడివైపు కనపడితే ఎందుకు నోరెత్తలేదు? గుమ్మడికాయల దొంగ అంటే ఎవరైనా భుజాలు తడుముకుంటారు. ఈయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఎడమ బుగ్గ మీద మూడు వేళ్లు. ఎదురుగా నిలబడి కొట్టినవాడిది ఏ చెయ్యి?

శుక్రవారం ఆమె వెళ్లేసరికి రెక్కల తాత మ్యూజియం వెనకగదిలో ఒక్కడే ఉన్నాడు. ఫొటోల కింద పెట్టే అట్టముక్కల వెనక జిగురు రాస్తున్నాడు. మేడమ్ మిగతా అట్టలకోసం ప్రెస్సుకు వెళ్లింది. షెడ్డమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది.

"బాబాయ్, ముప్పై ఒకటో ఫొటోలో గాలి గొట్టం ఏ వైపుంది?"

ఆయన బ్రష్షు ఆగింది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో షెడ్డమ్మ అంతవరకు వినడమే గాని చూడలేదు.

"నువ్వెప్పుడు కనిపెట్టావు?" అన్నాడు చివరికి.

"నిన్న. మీరెప్పుడు?"

"తెర మీదికి రాగానే." బ్రష్షు సీసాలో పెట్టేశాడు. "ఆ పిల్ల గాజు పలకను తిరగేసి పెట్టింది. మసకవైపు ఒకటి, మెరిసేవైపు ఒకటి ఉంటాయి. తతిమ్మావాటి మీద అక్షరాలున్నాయి కాబట్టి సరిగ్గా పెట్టింది. దీనిమీద లేవు. పోనీలే, మంచిదే అనుకున్నా. ఎడమచెయ్యి అయితే మా నాన్న కాడు, ఎవరూ కాడు. అట్టమీద 'గుర్తు తెలియని డ్రైవరు' అని రాస్తారనుకున్నా. ఆ జాబితా తెస్తుందని నాకేం తెలుసు?"

"తెచ్చాక తెలిసిందిగా. నేను ఎదురుగానే కూచున్నాను. మా మామగారి పేరు చదివింది. మీరు అద్దాలు తుడుచుకున్నారు."

"అవునమ్మాయ్."

"అవునంటే సరిపోయిందా?"

"ఏం చెప్పమంటావు? మీ మామగారికి అప్పటికి ఒక్కతే పిల్ల. రెల్లులోకి పోగలిగాడు. మేం ఐదుగురం. వాళ్లు తుపాకీ తెచ్చి మా గుమ్మంలో కూచుంటే మా నాన్న బండెక్కాడు. ఆ పదకొండు నెలలూ నేను తిన్నది ఆ బండి కూడే. చిన్నప్పుడు తెలీదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు. ఎనభై ఏళ్లొచ్చాక చెప్పుకోవాలా అనిపించింది."

షెడ్డమ్మకు తిట్టాలని ఉంది. దారిపొడుగునా తిట్లు సిద్ధం చేసుకునే వచ్చింది. ఒక్కటీ నోటికి రాలేదు. అలాగని జాలీ పూర్తిగా రాలేదు. రెండు రోజులు మామగారిని దొంగను చేసి నిలబెట్టింది ఈయన మౌనమే.

"మీ నాన్న సంగతి నేను ఎవరితోనూ అనను" అంది. "పొగగొట్టం సంగతి మాత్రం చెప్తాను. బండి నా వంతు. విమానం, మనిషి మీ వంతు. మీరేం చెప్తారో మీ ఇష్టం."

అప్పుడే మేడమ్ వచ్చింది, చంకలో అట్టల కట్టతో, కళ్లద్దాలు నెత్తిమీద. షెడ్డమ్మ తన మోచేతి మచ్చ చూపించి, గొట్టం సంగతి చెప్పింది. మేడమ్ నమ్మలేక గాజు పలక తీసి వెలుతురుకు పట్టింది. గోటితో గీకబోయి మానుకుని, వేలికొసతో రెండు వైపులా తాకి చూసింది. "అయ్యో! తిరగేసి పెట్టాను!" సరిగ్గా పెట్టి మళ్లీ ఎక్కించింది. తెర మీద బండి పక్కమార్చుకుంది. గొట్టం తోలేవాడి కుడివైపుకు వెళ్లింది. చెయ్యీ వెళ్లింది.

"అయితే మీ మామగారు కాదమ్మా. మరి ఎవరు? కుడిచేతికి వేళ్లు లేనివాళ్లు జాబితాలో లేరే."

షెడ్డమ్మ రెక్కల తాత వంక చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని గోడ వంక చూసింది. మనసులో మాత్రం అనుకుంటూనే ఉంది: చెప్పడు. ఈయన చెప్పే మనిషైతే బుధవారమే చెప్పేవాడు.

"శత్రువులు వచ్చాక పనిలోకి దిగినవాళ్లు ఆ జాబితాలో ఉండరమ్మా" అన్నాడు రెక్కల తాత. లేచి తెర దగ్గరికి నడిచాడు. ఆ చేతి ముందు నిలబడితే ఆయన తల దాని ఎత్తుకు వచ్చింది. "మా నాన్న. పేరు చెప్తాను, రాసుకో. నా బుగ్గకు తెలిసిన చెయ్యే ఇది."

మేడమ్ కలం కోసం వెతికింది. షెడ్డమ్మ తన జేబురుమాలు తీసి ఆయనకు ఇచ్చింది, కళ్లజోడు తుడుచుకోమని.

ఇంటికొచ్చి ఆడపడుచుకు చెప్పింది, గొట్టం, మచ్చ, పలక, అంతా. ఆమె చేటలో పప్పు పోసుకుని ఉంది.

"నేనప్పుడే చెప్పానా లేదా?" అంది ఆడపడుచు. "అబద్ధమని!"

"చెప్పావు వదినా. నేనే... ఒక రాత్రంతా నమ్మాను. మామయ్య మీద అనుమానపడ్డాను."

ఆడపడుచు పప్పులో వేళ్లు తిప్పింది.

"నిన్న నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు మ్యూజియానికి పోయాను" అంది తలెత్తకుండా. "కిటికీలోంచి తెర మీది ఆ ఫొటో చూశాను. ఆ వేళ్లు లెక్కపెట్టుకున్నాను, మూడుసార్లు. నా కన్నతండ్రి వేళ్లు."

షెడ్డమ్మ పక్కన కూచుని, చేట రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ రాళ్లు ఏరడం మొదలుపెట్టారు.