లెటీ చేను

ఆ పటంలో పేరు లేకుండా మిగిలింది ఒక్క చేనే. క్లెమ్‌స్టో ఊరి చేలు నూట ఎనభైకి పైగా ఉంటే, అన్నిటి పేర్లూ హెస్టర్ గిటిన్స్ తన చేత్తోనే నల్లసిరాతో రాసింది. ఆ ఒక్కదాని దగ్గర మాత్రం మూడు వారాలుగా ఆగిపోయింది.

ఆదివారం నాడు పటాన్ని చర్చిలో తగిలించాలి. గిటిన్స్ వాళ్ళ పొలం అమ్ముడుపోయింది. కొత్త ఆసామి చలికాలం లోపే చెట్ల కంచెలన్నీ యంత్రంతో పెకలించి, ఆ పేరులేని చేనుతో సహా ఏడు చేలనీ ఒక్కటి చేసేస్తాడట. ఆ తరవాత ఏది ఎక్కడుండేదో చెప్పడానికి ఈ పటమే దిక్కు.

పేర్లకి నియమం పెట్టింది హెస్టరే. చర్చి పన్ను కోసం వందేళ్ళ కిందట రాసిన జాబితాలోనైనా ఉండాలి, లేదా ఇంటివాళ్ళు కాక మరో ఇద్దరు ఇప్పటికీ వాడే పేరైనా అయివుండాలి. ఆ లెక్కనే పక్కింటి మేబెల్ ప్రీస్ చెప్పిన 'పెళ్ళి చేను'ని నిర్మొహమాటంగా కొట్టేసింది.

గురువారం మధ్యాహ్నం ఊరి హాల్లో అందరూ పటం చుట్టూ కూచుని టీ తాగుతుండగా ఆమె భర్త ఏమోస్ లోపలికొచ్చాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు.

"ఏమయ్యా, ఆవుల్ని ఎవరిమీద వదిలేసొచ్చావు?" అంది హెస్టర్.

"నువ్వు లేవని అవేం బెంగపెట్టుకోలేదులే."

అందరూ నవ్వారు. ఏమోస్ నవ్వలేదు. టోపీ చేతిలోకి తీసుకుని, "ఆ ఆఖరు చేనుకి లెటీ చేను అని రాయండి," అన్నాడు.

నవ్వులాగిపోయాయి. లెటీ వాళ్ళకున్న ఒక్క కూతురు. తొమ్మిదో ఏట డిఫ్తీరియాతో మూడు రోజుల్లో పోయింది. ఇరవై రెండేళ్ళయింది. బతికుండగా ఓసారి, ఎప్పుడూ నీరూరుతుండే ఆ చేను ఎవరికీ పనికిరాదని, తనకిచ్చెయ్యమని అడిగింది. ఏమోస్ సరేనన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో దాన్ని మరో పేరుతో పిలవలేదు. జాబితాలో మాత్రం అది పుల్లచేను, నీటికి పులిసిన నేలని ఆ పేరు.

"రాసెయ్యండి హెస్టర్ గారూ, ఎవరడగొచ్చారు?" అన్నాడు బళ్ళో పంతులుగా చేసి మానుకున్న బెడోస్.

హెస్టర్ తలెత్తి మేబెల్ వైపు చూసింది. వాళ్ళ పిల్లలూ లెటీ రోజంతా ఆ చేలోనే ఆడేవాళ్ళు.

"మేబెల్, నువ్వెప్పుడైనా ఆ పేరు అన్నావా?"

"అన్నాననమంటే అంటాను. నా పెళ్ళి చేను కొట్టేశావని సాధిస్తాననుకున్నావా?"

"నిజం చెప్పు."

మేబెల్ కప్పు కింద పెట్టింది. "మా పిల్లలు అనేవాళ్ళే. నేనే చెంపమీద కొట్టి మాన్పించాను. ఆ పేరు నీ చెవిన పడితే తట్టుకోలేవని. నేనొక్కదాన్నే కాదు తల్లీ, ఊరంతా అంతే. మీ గేటు దాకా లెటీ గురించి మాట్లాడుకుంటూ వచ్చినవాళ్ళం నువ్వు కనపడగానే నోరు మూసుకునేవాళ్ళం."

బెడోస్ అవునన్నట్టు తలూపాడు. గడ్డం నిమురుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

 ఊళ్ళోవాళ్ళు తన బిడ్డని ఆర్నెల్లలో మరిచిపోయారని హెస్టర్ ఇరవై రెండేళ్ళుగా లోలోపల కుమిలింది. ఆ కోపంతోనే ఎవరింటికీ టీకి కూడా వెళ్ళడం మానేసింది.

"ఇప్పట్నుంచీ అంటాంగా," అంది మేబెల్. "అందరం అంటాం."

"చేనుండొద్దూ, అనడానికి?"

 హెస్టర్ కలం సిరాలో ముంచి, ఖాళీలో 'పుల్లచేను' అని రాసింది.  సిరా ఆరేదాకా ఏమోస్ పక్కనే నిలబడి చూశాడు.

"గుండ్రంగా రాశావు," అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కరే లేచారు. మేబెల్ కప్పులు కడిగి బోర్లించి వచ్చేసరికి హెస్టర్ ఇంకా అలాగే కూచునుంది.

"మీ పిల్లలు ఏమనేవాళ్ళు?" అని అడిగింది.

"ఎందుకే ఇప్పుడు..."

"వాళ్ళన్నట్టే చెప్పు."

మేబెల్ నేలకేసి చూస్తూ, "అమ్మా, లెటీ చేలోకెళ్తున్నాం, చీకటిపడేలోగా వచ్చేస్తాం," అంది.

"ఇంకోసారి చెప్పు," అంది హెస్టర్.