దడి మీద పుట్ట

పొద్దున్న లేవగానే భీమరాజు చేసే మొదటి పని దడి చూసుకోవడం. నోట్లో వేపపుల్ల పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచి, కొబ్బరాకుల మధ్య ఎక్కడైనా కంత పడిందేమోనని వంగి వంగి చూసేవాడు. అవతల ఉన్నది పరాయివాళ్ళేం కాదు, సొంత తమ్ముడు సత్తిబాబు. ఇద్దరూ మాట్లాడుకుని ఏడాది దాటింది.

తగువు ఒక కొబ్బరిచెట్టు దగ్గర వచ్చింది. చెట్టు మొదలు అన్న దొడ్లో ఉంది. తల మాత్రం వాలిపోయి తమ్ముడి పెరట్లోకి వెళ్ళింది. మరి కాయలు ఎవరివి? కాయల దింపుల రోజున మాటా మాటా పెరిగి భీమరాజు నోరు జారేడు.

"నాన్న పోయేక నీకు పెట్టిన మెతుకులు కుక్కకి పెట్టినా విశ్వాసం ఉండేది!"

సత్తిబాబు చేతిలో కాయ అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయేడు. మర్నాడు దడి లేచింది. ఇప్పుడు తన వాటా కాట్రేనికోన ఆయనకి బేరం పెట్టేసి, అత్తవారి ఊరు అల్లవరం వెళ్ళిపోతున్నాడు. నాగుల చవితి మధ్యాహ్నం ప్రయాణం. మంచాలూ గంగాళాలూ అప్పుడే కాలవలో పడవెక్కేయి. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి భీమరాజుకి అన్నం సయించడం లేదు. వెళ్ళి ఆపుదామంటే కాళ్ళు రావడం లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

ఆ ఊళ్ళో పుట్ట ఒక్కచోట ఉండదు. ఏటా చవితి పొద్దుటికి లేచి, తనకి నచ్చిన చోటికి వెళ్ళి కూర్చుంటుంది. నిరుడు పోస్టుమాస్టారి పశువుల పాకలో కూర్చుంటే ఆయన ఆవుని తీసుకెళ్ళి వీధరుగు పక్కన కట్టుకున్నాడు. అంతకుముందు రేవు మెట్లమీద కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు బిందెలతో చుట్టూ తిరిగి దిగేవారు. అదేం చోద్యమని అడిగినవాడు లేడు. "ఈ ఏడు ఎక్కడండీ?" అని మాత్రం అడుగుతారు, పాలచెంబు ఎటు పట్టుకెళ్ళాలో తెలియాలి కదా.

ఆ చవితినాడు భీమరాజు దడి చూసుకుంటూ సగం దూరంలో ఆగిపోయేడు. వాలిన చెట్టు పక్కనే, నట్టనడుమ, నడుమెత్తు పుట్ట కూర్చుని ఉంది. సగం ఇటు, సగం అటు. కొబ్బరాకులు రెండు పక్కలకీ ఒత్తుకుపోయేయి.

"గునపం తేవే కామేశ్వరీ!" అని పెళ్ళాన్ని కేకేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

"చవితినాడు మట్టిలో గునపం వేస్తారటండీ! చాల్లెండి, స్నానం చేసి రండి" అంది కామేశ్వరి.

ఈలోగా ఊరు రానే వచ్చింది. చలిమిడి, చిమ్మిలి, దీపావళికి మిగిలిన మతాబులు పట్టుకుని జనం రెండు దొడ్లలోనూ నిండిపోయేరు.

"మీ దడిమీదేనటండి రాజుగారూ?"

"ఆయ్" అన్నాడు భీమరాజు, ఎటో చూస్తూ.

పూజ చేయించేది మేనత్త వీరాయమ్మ. ముందు ఇంటివాడే పొయ్యాలని చెంబు భీమరాజు చేతిలో పెట్టింది. అతను తనవైపు కన్నంలో పాలు పోసేడు. గుటగుటా లోపలికి పోయేయి.

"అత్తా, పాలు నా కాళ్ళమీదికొచ్చేయి!" అని అవతల్నుంచి వినబడింది.

సత్తిబాబు గొంతు. ఏడాదయింది ఆ గొంతు దగ్గరగా విని.

వీరాయమ్మ పసుపు చల్లుతూనే భీమరాజుతో అంది. "పుట్టంటే ఏవిటనుకున్నావురా? మన ఒళ్ళే. లోపల విషం లేని ఒళ్ళెక్కడుంది? దాన్ని కొట్టి చంపమన్లేదు పెద్దవాళ్ళు, పాలు పొయ్యమన్నారు. నువ్వు కక్కిన విషం ఎక్కడికి పోయిందో పాలూ అక్కడికే పోయేయి. ఊఁ, కానీ. పుట్టబంగారం పెట్టు."

పుట్టబంగారమని తడిసిన పుట్టమన్నుని పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చెవులకి రాయాలి. భీమరాజు కామేశ్వరి చెవులకి రాసేడు. మన్ను ఇంకా వేలిమీద ఉండగానే, పుట్టమీదుగా ఒక తల ఇటు వంగింది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఏటా వంగే తలే.

"నిరుడెవరూ పెట్టలేదన్నయ్యా. ఏడాదంతా ఆ మాటే ఈ చెవిలో మోగుతోంది" అన్నాడు సత్తిబాబు.

భీమరాజుకి కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారేయి. ఊరంతా చూస్తోందని కూడా అనుకోలేదు.

"నా నోరు పడిపోను! తప్పయిపోయిందిరా తమ్ముడూ, వెళ్ళకురా" అని ఆ చెవిలోనే అని, మన్ను రాసేడు. "ఏదీ, రెండోది ఇటు తిప్పు."

రేవులోంచి పడవవాడు కేకేసేడు. సత్తిబాబు తల ఎత్తకుండానే, "సామాను దింపెయ్యమనండి" అన్నాడు.

మధ్యాహ్నం పడవ ఖాళీగానే అల్లవరం వెళ్ళింది.

పైఏడు పుట్ట లేచి కరణంగారి అరుగుమీద కూర్చుంది. దడిలో అది వదిలిన కంత అలాగే ఉంది. భీమరాజు మాత్రం పాత అలవాటు మానలేదు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని దడి చూసుకుంటూనే ఉన్నాడు, ఆ కంతకి ఎవరైనా కొబ్బరాకు అడ్డం పెట్టేరేమోనని.